రెండు వందల పదకొండు చింతగింజలు

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలకు బడికి పోవాలంటే పలక ఉంటే చాలు. నాకు మాత్రం మా పెదనాన్న ఒప్పుకోవాలి. మా ఊరు హనుమాన్ జంక్షన్‌కు దగ్గర. మా నాన్న పోయాక నేనూ మా అమ్మా పెదనాన్న ఇంట్లోనే ఉండేవాళ్లం. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. పిల్లల్ని బడికి పంపమని ఊరందరికీ చెప్పే మనిషి. నేను పోతే మాత్రం గేదెల పని చూసేవాళ్లు ఉండరు.

ఆ వేసవి చివర వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాం. మా అమ్మ ధైర్యం చేసి, "బావగారూ, ఈ ఏడన్నా దీన్ని బళ్లో వెయ్యండి" అంది. ఆయన కోప్పడలేదు. నవ్వుతూ కొన్ని గింజలు లెక్కపెట్టి నా ముందు పోశాడు. రెండు వందల పదకొండు.

"వరసలుగా పేర్చవే. అన్ని వరసల్లోనూ సమానంగా ఉండాలి, ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నీ ఒకే బారుగా పెడితే ఒప్పుకోను. పేర్చావంటే రేపే నిన్ను బళ్లో వేస్తా."

నాకు అంకెలు రాయడం రాదు గానీ లెక్కపెట్టడం వచ్చు. పిడకలు వందల లెక్కన అమ్మేది నేనే. రెండు వరసలు పేర్చాను, ఒకటి మిగిలింది. మూడు పేర్చినా ఒకటే. అయిదుకీ, ఆరుకీ, ఏడుకీ ఒక్కటే మిగిలి నన్ను ఏడిపించింది. మా అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. పద్నాలుగు వరసల్లో పదిహేనేసి పెడితే మళ్లీ ఒకటి మిగిలింది. పదిహేను వరసలు చేద్దామని చూస్తే వరసకు పద్నాలుగే వచ్చాయి. అదే పేర్పు, పక్కకు తిరిగింది, అంతే. ఇక ఆపైన ఎన్ని వరసలు చేసినా వరసలో గింజలు తగ్గడమే. ఆ చిన్న లెక్కలన్నీ నేను అప్పటికే చూసేశాను.

"పెదనాన్నా, ఇవి కుదరవు. ఎవరు పేర్చినా కుదరవు" అన్నాను.

"ఓడిపోయిన వాళ్లందరూ అనే మాటేగా అది! పో, గేదెలకు కుడితి పెట్టు" అన్నాడు.

మా అమ్మ కూడా, "ఇంకాస్త ఓపిక పట్టి చూడాల్సిందే" అని కళ్లు తుడుచుకుంది. అమ్మ ఆ మాట అన్నందుకే ఎక్కువ ఏడ్చాను.

కుదరదన్న సంగతి ఆయనకూ తెలియదనుకున్నాను. తెలియక అన్నాడులే అని ఆయన మీద కోపం పెట్టుకోలేదు. ముసలితనంలో మంచాన పడితే నా చేత్తోనే గంజి తాగించాను.

అరవై దాటాక, గుణదలలో మా పక్కింటి టీచరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. చదువుకోవడానికి ఆవిడ మనవరాలి పుస్తకాలు ఇచ్చేది. ఒకరోజు ఆరో తరగతి లెక్కల పుస్తకంలో కూడబలుక్కుంటూ ప్రధాన సంఖ్యల పాఠం చదివాను. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగించలేని సంఖ్య అట. పక్కనే సమాన వరసల్లో పేర్చలేని చుక్కల బొమ్మ కూడా వేశారు. మా పెదనాన్న ఏటా పిల్లలకు చెప్పిన పాఠం అది.

చదువు వచ్చిన సంతోషం ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది. అన్నేళ్లుగా ఆయనకిచ్చిన మన్నింపు నా చేతుల్లోనే విరిగిపోయింది.

ఇప్పుడు నాకు ఎవరు ఏ షరతు పెట్టినా, "ముందు మీరు చేసి చూపించండి" అంటాను. పెంకి ముసలిదని ఇంట్లో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ రోజు ఆ మాట నాకు నోటికి రాలేదు. వచ్చేసరికి అడగడానికి ఆయన లేడు.