ఏరు దాటకుండా పుట్టింటికి

ఆ రోజుల్లో పరాయి దేశం పోవాలంటే రంగూను ఓడ ఎక్కాలి. ఎక్కేవాళ్ళు ఏడుస్తూ ఎక్కేవారు, పంపేవాళ్ళు ఏడుస్తూ పంపేవారు, అదొక మర్యాద. నాకు ఆ మర్యాద జరగలేదు. సోనేపూరులో అత్తవారింటి ముందు కూర్చుని చేపలు ఎండబెట్టుకుంటూ ఉండగానే పరాయి దేశం తనంతట తనే వచ్చి నా కింద చేరింది. కొత్తగా ఒరిస్సా అని ఒక రాష్ట్రం కట్టారనీ, మేం అందులో పడ్డామనీ, బాహుదా ఏటికి అవతలున్న మా పుట్టింటివాళ్ళు మద్రాసులోనే ఉండిపోయారనీ కబురొచ్చింది. పరాయి దేశంలో అయిదుగురు పిల్లల్ని పెంచానని నేనిప్పుడు గొప్పగా చెప్పుకుంటే మా మనవలు నవ్వుతారు. ఆ దేశం మా అమ్మ ఇంటికి ఎంత దూరమంటే, దక్షిణపు గాలి వేసే రోజుల్లో మా అమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తే నాకు తుమ్ములొచ్చేవి.

కబురు తెచ్చింది మా ఆయన మేనమామ. ఎండుచేపలు బరంపురం బజారుకి తీసుకెళ్ళి అమ్మేవాడు కనక ఆయన్ని అందరూ బరంపురం మావ అనేవారు. ఎండకీ వానకీ, ఏమీ లేనప్పుడూ కూడా గొడుగు వేసుకునే తిరిగేవాడు. సర్కారు సంగతులన్నిటికీ మా ఊళ్ళో ఆయనే పెద్ద. (ఆయనకి చదువు రాదు. నాకూ అప్పుడు రాదు. నేను మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నది ముసలితనంలో. అందుచేత ఆయన ఏం చెప్పినా నమ్మేదాన్ని.) "గీత ఏరే. ఏటికి ఇటు ఒరిస్సా, అటు మద్రాసు" అన్నాడాయన. గీతని మాలో ఎవరూ చూడలేదు గాని, ఏటిని రోజూ చూస్తున్నాం కనక సరే అనుకున్నాం.

అప్పుడు నాకు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మా వాడల్లో ఎవరూ తప్పని ఆచారం. మా అమ్మ చలిమిడి పట్టుకుని నన్ను తీసుకెళ్ళడానికి పడవలో వచ్చింది. వచ్చి, మండుటెండలో వాకిట్లోనే నిలబడింది. కూతురు బిడ్డని కనేదాకా తల్లి ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, అది ఇంకో ఆచారం. బరంపురం మావ గొడుగుతో సహా అడ్డం వచ్చాడు.

"అక్కా, పంపకు. అటు పుట్టినోడు అటోడే అయిపోతాడు. రేపు మద్రాసు సర్కారొచ్చి మా బిడ్డని మాకిచ్చీమంటే ఏటి సేస్తావు?"

మా అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మ! నా మనవడు మద్రాసోడా? ఒదినా, నీ కూతురు కదల్డానికి నేదు."

"నీకేటి మతి పోనాదా ఒదినా? నీ వాకిట్లోంచి మా ఇల్లు అవుపడతంది!"

"అవుపడితే ఏటి? సందమామా అవుపడతాడు."

కులపెద్దలు కూర్చున్నారు. ఏటి మధ్యలో పడవ మీద బిడ్డని కంటే ఎలా ఉంటుందని ఒకాయన అడిగాడు. అప్పుడది గంగమ్మ బిడ్డ అవుతుంది, ఇద్దరికీ దక్కదని రెండో ఆయన అన్నాడు. పడవలో తల ఎటుంటే ఆ రాజ్యమా, కాళ్ళు ఎటుంటే ఆ రాజ్యమా అని మూడో ఆయన చాలాసేపు ఆలోచించాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నాకు ఏ రాజ్యమూ అక్కర్లేదు, నొప్పులొచ్చినప్పుడు పట్టుకోవడానికి మా అమ్మ చెయ్యి కావాలి. ఆవిడేమో ఇక్కడ ఉండకూడదు, నేనేమో అక్కడికి పోకూడదు. చివరికి పెద్దలు తీర్పు చెప్పారు. కోడలు ఏరు దాటకూడదు. ఏరు దాటనంతవరకూ ఎక్కడికెళ్ళినా ఎవరూ కాదనకూడదు. రెండు వైపులవాళ్ళ చేతా గంగమ్మ మీద ఒట్టు వేయించారు.

మర్నాటి నుంచీ నేను ఈ గట్టున, మా అమ్మ ఆ గట్టున. "కాల్లు వాసినాయేటే?" అని ఆవిడ అరిచేది. "వాసినాయమ్మా!" అని నేను అరిచేదాన్ని. "కడుపు సాఫీగా అవతందేటే?" ఎదురు గాలికి నా జవాబు తెగిపోయేది. మధ్యలో వల వేసుకుంటున్నవాడెవడో దాన్ని అందుకుని, "అవనేదట పెద్దమ్మా! మూడ్రోజులైనాదట!" అని అందించేవాడు. "ఏన్నీల్లు తాగమను!" "ఓలప్పా, ఏన్నీల్లు తాగమంటంది!" ఈ విధంగా నా కడుపులో సంగతి రెండు రాష్ట్రాలకీ తెలిసిపోయింది. సాయంత్రం నేను గట్టెక్కి వస్తుంటే పడవవాళ్ళు, "ఏటప్పా, అయినాదా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవారు. నేను కొంగు మొహాన వేసుకుని ఇంట్లోకి పరిగెత్తేదాన్ని (ఆ ఒంటితో పరుగంటే బాతు పరుగు అనుకోండి).

నెలలు నిండుతుండగా గాలివాన పట్టింది. రెండు రోజులు ఎవరూ తలుపు తియ్యలేదు. తెరిపిచ్చిన ఉదయం బయటికొచ్చి చూస్తే ఏరు లేదు. వరద నీరు ఇసక దిబ్బని దక్షిణంగా కోసేసి, మా అమ్మవాళ్ళ పేటకి అవతలి నుంచి సముద్రంలోకి కొత్త దారి చేసుకుంది. పాత మొగ, అంటే మా రెండిళ్ళ మధ్యా ఏరు సముద్రంలో కలిసే చోటు, పూడిపోయింది. తడి ఇసకా, దాని మీద పీతలూ తప్ప ఏమీ లేదు. ఆ పీతల్ని అదిలిస్తూ, చీర ఎగ్గట్టుకుని మా అమ్మ నడిచొస్తోంది.

"ఏదీ ఏరు?" అంది వాకిట్లో నిలబడి. "ఏరే గీతన్నారు గదా. అది మా ఇల్లు దాటి ఎల్లిపోనాది. ఇంక నానూ మీ ఒరిస్సాదాన్నే. పిల్లని పంపండి."

బరంపురం మావ గొడుగు మూసి, మళ్ళీ తెరిచాడు. "అలగ కుదరదు. సర్కారుని అడగాల."

"ఏరు అడిగినాదేటి సర్కారుని?"

గంగమ్మ మీద వేసిన ఒట్టు. గంగమ్మే దారి తీసింది. ఎవరు కాదంటారు? నేను పీతల మధ్య నుంచి నడుచుకుంటూ పుట్టింటికి వెళ్ళాను.

అక్కడ మా తాత మండిపడుతున్నాడు. "రాత్రి మద్రాసులో తొంగున్నాను, ఒరిస్సాలో లెగిసినాను. నన్నెవడైనా అడిగినాడేటి?" అని నులకమంచం నెత్తిన పెట్టుకుని, కొత్త ఏరు దాటి, అవతలి గట్టున చిరుగు తెరచాప కింద కాపరం పెట్టాడు. రెండు పూటలా ఆయన అన్నం పడవ మీద మద్రాసుకి పంపాల్సి వచ్చేది.

నొప్పులు మొదలవగానే మా అత్త ఒడియా మంత్రసానిని వెంటబెట్టుకుని దిగింది. సొంత రాజ్యంలోనే గదా, ఎవరూ అడ్డం చెప్పలేదు. నేను మా అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "రెండో సెయ్యి నాది" అని మా అత్త లాక్కుంది. నొప్పి వచ్చినప్పుడల్లా నేను నొక్కిన నొక్కుడికి వియ్యపురాళ్ళిద్దరూ ఒక్క గొంతుతో కేకలు పెట్టారు. మంత్రసాని తలెత్తి, "కొణొ హెలా? ఏటైనాది? మీలో కాన్పు ఎవరికమ్మా?" అంది. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే బిడ్డ జారిపడింది.

అవతలి గట్టు నుంచి తాత కేక వినిపించింది. "ఏటి పుట్టినాదే?"

"ఆడపిల్ల!"

"ఏ రాజ్యం?"

మంత్రసాని మోచేతుల దాకా తడితో గుమ్మంలోకి వెళ్ళి, "ఇంకా మాటలు రానేదయ్యా, ఒచ్చినాక అడిగి సెప్తాను" అని అరిచింది.

ఒక్క పూటకని వచ్చిన మా అత్త ఇంక కదల్లేదు. పొద్దున్న పిల్లకి నూనె ఎంత రాయాలో దెబ్బలాడుకోవడం, మధ్యాహ్నం ఒకరి తల ఒకరు దువ్వుకోవడం, సాయంత్రం ఇద్దరూ నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చడం. పిల్లకి మూడో నెల వచ్చేసరికి కొత్త మొగ పూడిపోయి, ఏరు మళ్ళీ పాత దారి పట్టింది. ఎవరో తనకి రాజ్యం గెలిచిపెట్టినట్టు తాత మంచంతో ఊరేగుతూ ఇంటికొచ్చాడు. మా అత్త గుమ్మంలో నిలబడి నీళ్ళు చూసి, "ఓలమ్మో, నాను పరాయి దేశంలో ఉన్నానే!" అంది. చుట్ట తీసి, "నిప్పట్రాయే ఒదినా" అని మా అమ్మ పక్కన కూలబడింది.

మేం పడవెక్కి సోనేపూరు వచ్చేసిన వారానికి మా అమ్మ వచ్చింది. ఈసారి వాకిట్లో ఆగలేదు. తిన్నగా లోపలికొచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, "దాహమేస్తంది, నీల్లియ్యే" అంది. నా ఇంట్లో మా అమ్మ తాగే మొదటి నీళ్ళు. చెంబు తోమి, మళ్ళీ తోమి, చెలమ నీళ్ళు ముంచి ఇచ్చాను. గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఉప్పగా ఉన్నాయే మీ దేశం నీల్లు" అంది.

నాకు ఎంత రోషం వచ్చిందో చెప్పలేను. మా దేశాన్ని అంత మాటంటుందా అని మూలకెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చున్నాను. పిచ్చిదాన్ని. ఇవాళ తలుచుకుంటే ఆ గోడవైపు తిరిగిన పిల్లని భుజం పట్టుకుని ఇటు తిప్పాలనిపిస్తుంది, చూడవే అని. మా అమ్మ తనే లేచి, కుండ మూత తీసి, ఇంకో చెంబు ముంచుకుని తాగుతోంది.