మాట్లాడని ఫోన్‌తో మాట్లాడిన సుగుణ ఆంటీ

సుగుణ ఆంటీ నిన్న పొద్దున పోయారు.

ఈ వాక్యం మూడుసార్లు టైప్ చేసి చెరిపేశాను.

నేను బస్‌స్టాప్‌లో ఉండగా మా మేనేజర్ ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "మరి షిఫ్ట్‌కి ఎవరొస్తున్నారు?" అని అడిగానట నేను. నాకైతే గుర్తు లేదు. బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను.

ఇక్కడ కెనడాలో, మా విన్నిపెగ్‌లో ఆంటీ తెలియని తెలుగువాళ్లు తక్కువ. అయినా చెప్తాను. ఇరవై ఏళ్లుగా ఆవిడ యూత్ వర్కర్. ఇంట్లో ఇమడలేని పిల్లలు, కాలేజీ మానేసినవాళ్లు, ఈమధ్య స్టూడెంట్ వీసా మీద వచ్చి ఏ ఇంటి కింది బేస్‌మెంట్‌లోనో ఇరుక్కున్నవాళ్లు, అందరూ మా సెంటర్‌కే వస్తారు.

నేనూ అలా వచ్చినదాన్నే, చలిని తట్టుకునే జాకెట్ కోసం.

జాకెట్ ఇచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మాయ్, అప్రెంటిస్‌గా చేరతావా? నీకు బిజినెస్ ఎలాగూ చేతకాదు" అన్నారు. నా డిప్లొమా బిజినెస్‌లో మరి.

ఏడాదిన్నర ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నాను.

అందులో సగం ఒక్క ఫోన్ దగ్గరే నేర్చుకున్నాను.

రోజూ మధ్యాహ్నం నాలుగింటికి మా హెల్ప్‌లైన్ మోగేది. నంబర్ కనపడదు. ఎత్తితే అవతల ఎవరూ మాట్లాడరు.

ఊపిరి మాత్రం వినపడుతుంది.

మొదటి వారంలో ఒకరోజు నేనే ఎత్తాను. హలో హలో అని అరిచి, ఎవరో ఆకతాయి అనుకుని పెట్టేశాను. ఆంటీ నన్ను ఒక్క మాట అనలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఫోన్ రాలేదు. ఆ తొమ్మిది రోజులూ నాలుగు కాగానే ఆవిడ టీ కూడా ముట్టకుండా ఫోన్ పక్కన కూర్చున్నారు. నా వల్ల ఎవరైనా చచ్చిపోయారేమో అని నాకు తిండి సహించలేదు.

పదో రోజు మోగింది.

"వచ్చావా నాన్నా" అన్నారు ఆంటీ. తెలుగులోనే. ఎందుకంటే, ఎప్పుడో ఒకసారి ఆ ఫోన్‌లో వెనకాల కుక్కర్ కూతలు వినపడ్డాయట. ఆపైన మేడమీద నుంచి ఎవరో "కుక్కర్ కట్టెయ్" అని కేకేశారట.

అంతే. ఆ ఒక్క కేక పట్టుకుని ఆంటీ రోజూ ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పేవారు. ఆ రోజు ఏం వండారో, మంచు ఎంత పడిందో, బస్సులో ఎవరితో పోట్లాడారో. అవతల ఊపిరి వింటూ ఉండేది.

ఒకరోజు రిసీవర్ నా చెవికి పెట్టారు.

"మనిషిని తర్వాత విందువుగానిలే. ముందు గదిని విను."

"ఏం వినపడ్తలేదు ఆంటీ."

"నెల రోజులు విను."

నెల తర్వాత వినపడింది. ఫ్రిజ్ మోటార్. కారే కుళాయి. పైన చెక్క నేల మీద అడుగులు.

ఆ అడుగులు మెల్లగా వచ్చి సరిగ్గా ఫోన్ ఉన్న చోటికి పైన ఆగేవి. అవి ఆగగానే అవతల ఊపిరి కూడా ఆగేది. ఆంటీ మాట ఆపేసేవారు. పైనున్న మనిషి మమ్మల్నే వింటున్నట్టు ఉండేది.

ట్రేస్ చేయిద్దామని మేనేజర్‌తో పోట్లాడాను. ఉత్త ఊపిరిని పట్టుకుని ఏ ఆధారంతో అడుగుతామంది. "అడ్రస్ తనే చెప్పాలమ్మాయ్. చెప్పేదాకా మనం ఉండాలి. ఇదే మన పని" అన్నారు ఆంటీ.

నిన్న నన్ను సెంటర్‌కి రావద్దంది మేనేజర్. అయినా వెళ్లాను. నాలుగింటికి ఎవరో ఒకరు ఎత్తాలి కదా.

మోగింది.

పిల్లలకు అబద్ధం చెప్పకూడదనేవారు ఆంటీ. అందుకే చెప్పేశాను. "సుగుణ ఆంటీ పొద్దున చనిపోయారు."

పైన అడుగులు మొదలయ్యాయి. ఇక పెట్టేస్తారనుకున్నాను.

"ఇలా అవుతుందని నాకు తెలుసక్కా."

ఆ ఫోన్‌లో మొదటి మాట. ఆడపిల్ల గొంతు, మాట్లాడక బొంగురుపోయినట్టుంది.

"వారం నుంచి ఆంటీకి ఊపిరి సరిగా ఆడట్లేదు. మాట మధ్యలో ఆగిపోతున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్దామనే రోజూ చేశా. నోరు రాలేదక్కా. చెప్పుంటే బతికేవారా?"



ఎక్కడో బేస్‌మెంట్‌లో కారే కుళాయి నాకు వినపడింది. మూరెడు దూరంలో కూర్చున్న మనిషి ఆయాసం వినపడలేదు. ఆవిడ మాట మధ్యలో ఆగితే, అవతలివాళ్ల కోసమే ఆగారనుకున్నాను. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పైన అడుగులు ఆగాయి.

ఈసారి ఆ పిల్ల ఊపిరి ఆగలేదు.

"రాసుకోండక్కా" అని అడ్రస్ చెప్పింది. ఇంటి నంబర్ రెండుసార్లు చెప్పింది, నేను ఏడుస్తూ తప్పు రాసుకుంటానని కాబోలు.

నిన్న సాయంత్రమే పోలీసులు వెళ్లి తనను బయటికి తీసుకొచ్చారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను రాయను. ఈ మాత్రం కూడా తను ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు అడగకండి.

ఆంటీ, పిల్ల క్షేమంగా ఉంది.

ఇక మీరు ఎవరి కోసమూ మాట మధ్యలో ఆపక్కర్లేదు. హాయిగా నిద్రపోండి.