మడ్‌గార్డులు విప్పిన బుధవారం

తబితకి వానంటే భయం లేదు. వానలో సైకిలు తొక్కడమంటేనే చిరాకు. ఈ రెండింటికీ చాలా తేడా ఉందని ఆవిడ తన భర్త ఐజాక్ మాస్టారికి పదిహేడేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆయన ఒప్పుకున్నట్టు తలూపి, మీసం చాటున నవ్వుకుంటూనే ఉన్నాడు.

మొగల్తూరుకి కాస్త ఇవతల, కాలవ గట్టునున్న ఊళ్ళో తబిత ఆరోగ్య ఉపకేంద్రం నర్సు. నేను చెప్పే ఏడు తొంభై ఏడు, అప్పటికి ఆవిడకి నలభై మూడు నిండాయి. ఊరి జనంలో సగం మందికి ఆవిడ అసలు పేరు తెలియదు. పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ నర్సమ్మే.

ఉద్యోగం వచ్చిన కొత్తలో సైకిలు నేర్చుకుంది. ఆదివారం ఆరాధన అయిపోయి జనం ఇళ్ళకి వెళ్ళాక, చర్చి ఆవరణలో ఐజాక్ వెనక క్యారేజీ పట్టుకుని పరిగెత్తేవాడు. వదలకండి అని ఆవిడ, వదల్లేదు అని ఆయన. మూడో ఆదివారం ఆ ‘వదల్లేదు’ చాలా దూరం నుంచి వినపడేసరికి వెనక్కి తిరిగి చూసింది. చూసి తిన్నగా పాస్టరుగారి బెండ మొక్కల్లోకి వెళ్ళిపోయింది. పాస్టరుగారు మంచివారు కనుక ఏమీ అనలేదు. ఆయన భార్య మాత్రం ఆ ఏడాదంతా తబిత కనపడినప్పుడల్లా బెండకాయల ప్రస్తావన తెచ్చేది.

అలా నేర్చుకున్న సైకిలు మీద తబిత తిరగని పుంతదారి లేదు. ఎండలో తొక్కింది, ఎదురుగాలిలో తొక్కింది. ఒక్క వానలోనే ఆవిడ కాలు పెడలు మీద పడేది కాదు. దానికి కారణం మెరకదిబ్బ దారి.

మెరకదిబ్బ ఆవిడ కిందున్న శివారు పల్లె. ఏడు కిలోమీటర్లు. మొదటి మూడూ తారు రోడ్డు, తర్వాత నాలుగూ కాలవ గట్టు, నల్లమట్టి. ఎండాకాలం ఆ గట్టు సిమెంటు చేసినట్టుంటుంది. నాలుగు చినుకులు పడ్డాయా, ఆ మట్టి టైరుకి అంటుకుని మడ్‌గార్డులోకి దూరి బిగిసిపోతుంది. చక్రం తిరగదు. దిగి వెదురు బద్దతో గోకి, ఎక్కి పది గజాలు వెళ్ళేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఆ పక్క మగాళ్ళందరూ జూన్ రాగానే సైకిలు షాపు చిట్టియ్య దగ్గర మడ్‌గార్డులు విప్పించేసుకుంటారు. అప్పుడు మట్టి ఇరుక్కోదు. కానీ ఎగిరి వెనక నుంచి వీపంతా కొడుతుంది.

ఆ రోజుల్లో నర్సులది తెల్లచీర. తబిత చీరలు ఉతికి, గంజి పెట్టి, నీలిమందు వేసి, మడత నలగకుండా కట్టే మనిషి. మడ్‌గార్డులు విప్పుతానని చిట్టియ్య ప్రతి ఏడూ అడిగేవాడు. ప్రతి ఏడూ ఆవిడ ఒకటే మాట చెప్పేది.

“వీపు మీద బురదేసుకుని వెళ్ళడానికి నేనేమన్నా నాట్లకి వెళుతున్నానా చిట్టియ్యా?”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత ఆవిడకే అనిపించింది. అది చెప్పే ముందు ఇంకో సంగతి చెప్పాలి.

బుధవారం టీకాల రోజు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఐసు పెట్టిన నీలం పెట్టె బస్సులో వచ్చేది. పొద్దుటి పూట సొంత ఊళ్ళో పిల్లలకి, మధ్యాహ్నం మెరకదిబ్బలో పిల్లలకి. సాయంత్రానికి ఐసు కరిగిపోతుంది, మిగిలిన మందు తిరిగి పంపించేయాలి. మెరకదిబ్బలో అందరూ కూలి పనులకి వెళ్ళేవాళ్ళే. మొదట్లో తబిత సైకిలు గంట వినపడితే చాలు, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చేలల్లోకి పోయేవారు. వాళ్ళందరికీ పెద్ద పెద్దింట్లమ్మ. ఆవిడ చెప్పిందే ఆ పల్లెలో మాట.

ఆరేళ్ళ కిందట ఒక బుధవారం తబిత తిన్నగా పెద్దింట్లమ్మ ఇంటికే వెళ్ళింది. మనవడు ఊళ్ళో లేడంది ముసలమ్మ. తబిత నమ్మినట్టే అరుగు మీద కూర్చుని, ఎండ గురించీ చేపల గురించీ కబుర్లు మొదలుపెట్టింది. పక్కనే కోళ్ళగంప బోర్లించి ఉంది. కాసేపటికి గంప కింద నుంచి ఏడుపు గొంతు వినపడింది.

“మామ్మా, కోడి పొడుస్తంది.”

తబిత నవ్వింది. ఒక్క క్షణం బిగుసుకుపోయి పెద్దింట్లమ్మ కూడా నవ్వేసింది. గంప ఎత్తితే పెట్ట ఒక పక్కకీ, మనవడు ఇంకో పక్కకీ బయటికొచ్చారు. మెరకదిబ్బలో మొదటి టీకా ఆ రోజు పడింది. తర్వాత మిగతా తల్లుల్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చే పని పెద్దింట్లమ్మే తీసుకుంది. ఈ ఆరేళ్ళలో అక్కడ బుధవారం అంటే పిల్లలకి తలంటి, కాటుక పెట్టి, ఉతికిన గుడ్డ తొడిగే రోజైపోయింది. తబిత తన ఉద్యోగం మొత్తంలో గర్వంగా చెప్పుకునేది ఏదైనా ఉంటే అది ఈ ఒక్కటే.

ఆ ఏడు జూలైలో రెండు బుధవారాలు వరసగా వాన పడింది. మధ్యాహ్నం అయ్యేసరికి చూరు నుంచి ధారలు. తబిత కిటికీలోంచి చూసింది. బయల్దేరాలనే అనుకుంది. తర్వాత గట్టు గుర్తొచ్చింది, వెదురు బద్ద గుర్తొచ్చింది. ఇంత వానలో వాళ్ళు మాత్రం పసిపిల్లల్ని బయటికి తెస్తారా అనుకుంది. అది చాలా సబబుగా తోచింది. మనకి ఇష్టం లేని పనిని తప్పించే మాట ఎప్పుడూ సబబుగానే తోస్తుంది. రిజిస్టరులో ‘వర్షం వలన వెళ్ళలేదు’ అని రాసి, టీ పెట్టుకుని తాగింది. రెండో వారం కూడా అంతే, కాకపోతే పకోడీలు కూడా వేసింది.

ఆ తర్వాత ఆదివారం సంతలో పెద్దింట్లమ్మ కోడలు నాగదుర్గ కనపడింది. చంకలో చిన్నకొడుకు, తొమ్మిది నెలలు నిండి పదోది నడుస్తోంది. వాడికి తట్టు టీకా పడాలి. తబితని చూడగానే పలకరించే పిల్ల, ఆ రోజు తలొంచుకుని చింతపండు బేరంలో పడింది. తబితే దగ్గరికి వెళ్ళింది.

“ఏమ్మా నాగదుర్గా, బాబు బాగున్నాడా?”

“బాగానే ఉన్నాడండి.”

“బుధవారం రాలేకపోయానమ్మా. ఒకటే వాన కదా.”

నాగదుర్గ అప్పుడు తలెత్తింది. “మాకు చినుకు లేదండి.”

“ఏంటి?”

“మా కాడ రెండు వారాలూ ఎండేనండి. వడియాలు పెట్టుకున్నామండి. నాట్లు మానేసి మీ కోసం కూర్చున్నామండి, పొద్దు వాలేదాకా. మా అత్తగారు వీడికి తలంటి, ఒళ్ళో ఏసుకుని కూర్చుంది. మొన్న రెండో వారం మీరు రాపోయేసరికి ఇంక చాల్లే అనేసిందండి. పని మానుకుని ఆవిడ కోసం కూర్చునేది లేదు, ఎవరూ కూర్చోవద్దు అని ఈదంతా చెప్పేసిందండి.”

కోపంగా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, చింతపండు మూట కట్టించుకుని వెళ్ళిపోయింది.

ఈ డెల్టాలో పుట్టి పెరిగిన తబితకి తెలియని సంగతి కాదది. కాలవకి ఇటు పక్క తడిసి ముద్దవుతుంటే అటు పక్క ధాన్యం ఎండబోసుకుంటారు. ఆవిడ వందసార్లు చూసింది. అయినా తన కిటికీలో పడిన వానని లోకమంతా పడిన వానగా లెక్కేసుకుంది. సంతలోంచి ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆవిడకి ఆ పకోడీల వాసనే వచ్చింది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. నాట్ల రోజుల్లో ఒక పూట పని మానుకుంటే ఆ ఇళ్ళలో ఏమవుతుందో ఆవిడకి తెలుసు. నేనేమన్నా నాట్లకి వెళుతున్నానా అని తను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళు నాట్లు మానుకుని తన కోసం కూర్చున్నారు. ఇప్పుడు పెద్దింట్లమ్మ వద్దంది కనుక ఆ పిల్లాడికి టీకా పడదు. వాడి తర్వాత ఇంకెవరికీ పడదు. ఆరేళ్ళ పని ఒక్క కిటికీ దగ్గర పోయింది.

మూడో బుధవారం తెల్లారకముందే మొదలైంది వాన. సొంత ఊళ్ళో పని అయ్యేసరికి పదకొండు. ఐజాక్ బడి నుంచి గొడుగేసుకుని వచ్చి, కిటికీలోంచి చూశాడు.

“ఈసారి అక్కడా వానే తబితా. సముద్రం దాకా నల్లగా పట్టేసింది. వచ్చేవారం వెళ్ళొచ్చు.”

“ఈ కిటికీలోంచి మెరకదిబ్బ కనపడదండీ.”

ఐజాక్ ఆవిడ ముఖం చూసి, నీలం పెట్టె తెచ్చి, పాత ట్యూబు ముక్కతో క్యారేజీకి బిగించి కట్టాడు.

చిట్టియ్య షాపులో బల్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆ వానలో నర్సమ్మ వచ్చి సైకిలు స్టాండు వేయడం చూసి లేచి నిలబడ్డాడు.

“మడ్‌గార్డులు విప్పేయి చిట్టియ్యా. రెండూనూ.”

“చీర పాడైపోద్దండి.”

“పోనీలే. ఉతుక్కుంటే వస్తుంది.”

రెండు నిమిషాల పని. అయ్యాక అతను ఖాళీ రొయ్యల మేత సంచి ఒకటి తీసి, ఒక మూలని రెండో మూలలోకి తోసి టోపీలాగా చేసి ఇచ్చాడు. “రెయిన్‌కోటు గాలికి లేచిపోద్దండి. ఇది తల మీదుంచుకోండి.” పదిహేడేళ్ళ గంజి చీరల నర్సమ్మ రొయ్యల మేత సంచి తల మీదేసుకుని రోడ్డెక్కింది.

ఏడు కిలోమీటర్లని తలుచుకుంటే కాలు కదిలేలా లేదు. అందుకని కల్వర్టు దాకా వెళదాం అనుకుంది. అక్కడిదాకా అయితే ఎవరైనా వెళతారు. కల్వర్టు వచ్చాక, ఎలాగూ తడిశాం కదా, లాకుల దాకా అనుకుంది. లాకుల దగ్గర తారు అయిపోయింది. అక్కడ ఒక కాలు నేల మీద ఆనించి కాసేపు నిలబడింది. ఇక్కడి నుంచి వెనక్కి తిరిగినా తప్పు పట్టేవాళ్ళు లేరు. ఇంత వాన, ఒంటరి ఆడమనిషి, ఆ గట్టు. అన్నీ సబబైన మాటలే. తలంటించుకుని ముసలమ్మ ఒళ్ళో కూర్చున్న పిల్లాడు గుర్తొచ్చాడు. తబిత గట్టు మీదికి తిప్పింది.

చక్రం తిరిగింది. ఆవిడకి ఆశ్చర్యమేసింది. మట్టి ఇరుక్కోలేదు. ఎగిరి వీపు మీదా, మెడ మీదా, కొప్పులోనూ పడుతోంది, కానీ చక్రం తిరుగుతోంది. ఒక చోట జారి పడింది. పడుతూనే పెట్టె పట్టుకుంది, మూత ఊడలేదు. లేచి చీర చూసుకుంది. తెలుపన్నది ఎక్కడా లేదు. ఇంక కాపాడుకోవాల్సింది ఏమీ లేదు కనుక ఆ తర్వాత హాయిగా తొక్కింది. పదిహేడేళ్ళు ఈ బురదకా నేను భయపడింది అనుకుని తనలో తనే తిట్టుకుంది కూడా.

మెరకదిబ్బ చేరేసరికి వాన ఇంకా హెచ్చింది. నాట్లు ఆపేసి అందరూ ఇళ్ళలోనే ఉన్నారు గానీ, బుధవారాల్లో పిల్లలతో నిండిపోయే, వీధి మొదట పాకలోని అరుగు మీద ఒక్క మనిషి లేదు. తబిత గంట కొట్టింది. ఏ తలుపూ తెరుచుకోలేదు. పెద్దింట్లమ్మ ఇంటి ముందుకి వెళ్ళి మళ్ళీ కొట్టింది. చాలాసేపటికి ముసలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“ఇంత వానలో ఏం పనమ్మా నీకు?”

తబిత దారిలో ఎన్నో మాటలు కూడబలుక్కుంది. తప్పైపోయిందని చెప్పాలనుకుంది. తీరా నోరు విప్పేసరికి ఒకటే మాట వచ్చింది.

“మీ ఊళ్ళో వాన లేదేమో అనుకున్నానండి మామ్మగారూ.”

పెద్దింట్లమ్మ ఆకాశం వంక చూసింది. తర్వాత తబితని పాదాల నుంచి కొప్పుదాకా చూసింది. వెనక్కి తిరగమన్నట్టు చెయ్యి తిప్పింది. తబిత తిరిగితే ఆ వీపు కూడా చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది.

అయిపోయింది అనుకుంది తబిత. సైకిలు హ్యాండిలు పట్టుకుని అలాగే వానలో నిలబడింది.

ఇంతలో లోపల కోడిపెట్ట గోల పెట్టింది. రెక్కలు కొట్టుకుంటూ వాకిట్లోకి వచ్చి, తడిసి, తిట్టుకుంటూ చూరు కిందికి పారిపోయింది. దాని వెనక పెద్దింట్లమ్మ వచ్చింది. రెండు చేతులా కోళ్ళగంప ఎత్తి పట్టుకుంది. గంప మీద మేత సంచి పరిచి ఉంది. ఆ గంప కింద నాగదుర్గ, ఆవిడ చంకలో కాటుక బొట్టుతో పిల్లాడు. ఒక్క చినుకు పడకుండా వాణ్ణి పాకలో అరుగు మీదికి చేర్చి, ముసలమ్మ వీధిలోకి తిరిగి కేకేసింది.

“ఒసే, నర్సమ్మొచ్చిందే. ఏం చూత్తన్నారు? గంపలేసుకుని రండి.”

వీధి పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కో ఇంట్లోంచీ ఒక్కో గంప బయల్దేరింది. ఒకప్పుడు సూదికి కనపడకుండా పిల్లల్ని దాచిన గంపలే అవి. తబితకి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. బురద చేతులు వానలో కడుక్కుని, పెట్టె మూత తీసింది. ఐసు ఇంకా గట్టిగానే ఉంది.

ఆ రోజు పదకొండు మంది పిల్లలు. పని అయ్యాక పెద్దింట్లమ్మ వేడి వేడి గంజీ, ఉప్పుచేప ముక్కా పెట్టింది.

“వచ్చే బుధవారం వాన పడితేనో?” అంది.

“ఏ ఊళ్ళో పడినా వస్తానండి.”

వచ్చే బుధవారం కూడా పడింది. ఐజాక్ అలవాటుగా కిటికీ తీసి ఆకాశం చూడబోయాడు.

“జల్లు కొడుతోంది, కిటికీ వేసేయండి” అని, మేత సంచి తల మీదేసుకుని తబిత సైకిలు తీసింది.