మాదాపూర్ గుట్ట మీద నాలుగు ఇంజన్ల విమానం

మా లారీ మాదాపూర్ గుట్ట చేరింది పోలీసు చర్య ముగిసిన రెండు నెలలకు, 1948 నవంబరులో, ఉదయం తొమ్మిదింటికి. ఇది నిశ్చయం, నా డైరీలో ఉంది. అంతకుముందు ఓడిన పక్షానికి దొంగచాటుగా ఆయుధాలు దించిన నాలుగు ఇంజన్ల విమానం ఒకటి మళ్ళీ వస్తుందన్నది వినికిడి. దాన్ని కళ్ళారా చూసినవాడు నాకు ఒక్కడూ దొరకలేదు. చూసినవాడు తెలుసన్నవాళ్ళు మాత్రం చాలామంది.

ఇప్పుడు అద్దాల మేడలున్న ఆ చోట అప్పుడు బండలు, సీతాఫలం పొదలు, ఎండుగడ్డి. మేము ముగ్గురం: హవల్దారు, వైర్‌లెస్ ఆపరేటరు, నేను. ఒక గుడారం, రెండు బైనాక్యులర్లు, ఒక సెట్టు. ఆరు నుంచి ఆరు వరకు కాపలా. వచ్చే ప్రతి విమానం రకం, దిక్కు, ఎత్తు చెప్పాలి. మేము ‘శత్రువు’ అంటే తూర్పున మైలు దూరంలోని, విమానాలను కూల్చే తుపాకి కాలుస్తుంది.

గుడారంలో మన విమానాల నీడబొమ్మల అట్ట వేలాడేది. డకోటా, టెంపెస్ట్, స్పిట్‌ఫైర్. నాలుగు ఇంజన్లది ఒక్కటీ లేదు. ఆపరేటరు తాను విన్నదాన్ని బట్టి నాలుగు ఇంజన్లు, జంట తోకలు ఉన్న బొమ్మను సిరాతో గీసి చివర అతికించాడు. నేను దాని కింద పెన్సిలుతో ‘వినికిడి’ అని రాశాను. వారం తిరిగేసరికి పెన్సిలు చెరిగింది, సిరా నిలిచింది.

మాకు నీళ్ళు తెచ్చే మల్లయ్య రాళ్ళు కొట్టేవాడు. “ఇమానాలు చూడనీకె గింత సదువు సదివినవా సారూ?” అనేవాడు నన్ను. నా పట్టా భౌతికశాస్త్రంలో.

“గుర్తుపట్టడానికి.”

“మా గొర్లను మేం గుర్తువడ్తలేమా? అట్టల మీద బొమ్మలేసుకున్నమా?”

తొమ్మిదో రోజు సాయంత్రం ఐదూ ఇరవైకి తెల్లాపూర్ దిక్కున రొద. అస్తమిస్తున్న సూర్యుడి ముందు నల్లటి ఆకారం. ఎత్తు వెయ్యి అడుగులు.

“నాలుగు ఇంజన్లు. జంట తోక. అదే!” అన్నాడు హవల్దారు. “శత్రువని చెప్పవయ్యా!”

“ఆ బొమ్మ మనం గీసుకున్నది సార్.”

“గీసినట్టే వచ్చింది కదా! ఇంకా ఏం చూస్తావ్?”

“రెక్క.”

రెక్క ఒంటికి పై అంచున ఉన్నట్టు తోచింది. యుద్ధకాలంలో అస్సాంలో లిబరేటర్లనే నాలుగు ఇంజన్ల బాంబర్లకు కాపలా కాశాను. వాటి రెక్క అలాగే ఉంటుంది. కానీ ఎదురెండలో ఒక్క ఆనవాలును నమ్మలేను. పైగా లిబరేటరైనా మనదే కావాలని లేదు. పొరపడితే లోపలివాళ్ళందరూ పోతారు.

సెట్టులో తుపాకి దళం పలికింది. “లక్ష్యం ఏమిటి? ఓవర్.”

“పరిశీలిస్తున్నాం. ఆగండి. ఓవర్.”

“దాటిపోతే బాధ్యత ఎవరిది? ఓవర్.”

“నాది. ఓవర్.”

హవల్దారు మైకు కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు. “కోర్టు మార్షలే నీకు!” అన్నాడు.

అప్పుడు రెక్కల కింద నుంచి రెండు చక్రాలు పక్కల నుంచి లోపలికి వాలుతూ దిగాయి. మూడోది ముక్కు కింద. ఇది రెండో ఆనవాలు. లిబరేటరే. దిగడానికి సిద్ధమైన విమానాన్ని కాల్చకూడదన్నది మా నియమం.

“లిబరేటర్. చక్రాలు దించింది. కాల్చవద్దు. ఓవర్.”

విమానం మా మీదుగా బేగంపేట వైపు సాగింది. వాలు ఎండ రెక్కల అడుగున పడి, మన మూడు రంగుల వలయం కనబడింది.

మల్లయ్య మెడ ఎత్తి చూస్తున్నాడు. “గిదేంది సారూ, బొంత కుట్టినట్టు కుట్టిండ్రు?”

హవల్దారు అట్ట మీది సిరా బొమ్మను చింపి ఆపరేటరు చేతిలో పెట్టాడు. “మళ్ళీ బొమ్మలేస్తే వేళ్ళు విరగ్గొడతా.” నాకు కోర్టు మార్షల్ జరగలేదు.

యుద్ధం ముగిశాక విదేశీ సైన్యం పోతూ పోతూ విరగ్గొట్టి వదిలేసిన విమానాల నుంచి పనికొచ్చే భాగాలు ఏరి, మనవాళ్ళు మళ్ళీ ఎగిరేలా చేసినవాటిలో అదొకటి. ఆ పని చేసిన మెకానిక్కే తర్వాత నాకు చెప్పాడు కనుక దీన్ని నిశ్చయాల్లో చేరుస్తున్నాను.

ఫిబ్రవరిలో ఇంటికి తిరిగొచ్చాను. ఆ తర్వాత ప్రదర్శనల్లో మెరుగుపెట్టిన పాత విమానాలెన్నో చూశాను. జనం మెరుపుకు చప్పట్లు కొడతారు. నేను అతుకులు వెతుకుతాను. కళ్ళు మూస్తే ఆ విమానం పొట్టే: ఒక రేకు ఆకుపచ్చ, పక్కది వట్టి లోహం, మధ్య నల్లటి నూనె చార.

ఒక్కటి మాత్రం తేలలేదు. విమానాశ్రయం ఇంకా ఆరు మైళ్ళుండగా అంత ముందే పైలట్ చక్రాలెందుకు దించాడు? అతని అలవాటా, లేక తుపాకి తనను గురిచూస్తోందని ఎవరైనా చెప్పారా? అతని పేరు నాకు తెలియదు. అడగవలసినవాణ్ణి నేను కింద నుంచే చూశాను.