దగ్గుకి అల్లం బెల్లం

మా లెక్కల టీచరమ్మ పోయేరని మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. అప్పుడు నేను చోడవరం బస్టాండులో టీ తాగుతున్నాను. పాఠకులకు సవినయంగా మనవి చేసుకునేదేమంటే, నా చదువు చూసి ఉద్యోగమిచ్చినవాళ్ళు కొందరున్నారు గానీ, నా దగ్గు చూసి ఉద్యోగమిచ్చింది ఆవిడొక్కరే.

చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పేరు. తర్వాత సముద్రం మధ్య ఒక దీవి దేశంలో బడికి వెళ్ళి, కొన్నాళ్ళకి నన్నూ కంప్యూటర్ మేష్టరుగా రప్పించేరు. ఆ బడిలో ఆ దేశపు మతం తప్ప వేరే మతం ప్రార్థనలు కూడదు. పట్టుబడితే ఉద్యోగం ఊడినట్టే, ఇంటికి విమానం ఎక్కాల్సిందే. ఆవిడ జీతం మీదే విశాఖపట్నంలో వాళ్ళాయన డయాలసిస్ నడుస్తోంది. అయినా గురువారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళేక, ఆవిడతో కలిపి నలుగురు క్రైస్తవ టీచర్లు మ్యాపులు దాచే గదిలో చేరేవారు. ముందర పరీక్ష పేపర్లు, చేతుల్లో ఎర్ర పెన్నులు. ఆమెన్ అనేవారు కాదు, పెన్ను మూత టక్కున పెట్టేవారు.

నేను గోవాడ చెరుకు రైతు కొడుకుని, ఆంజనేయస్వామి తాయెత్తు కట్టుకున్నవాణ్ణి. అందుకే కాపలాకి నన్ను ఎంచేరు.

"నిన్నెవరూ అనుమానించరురా బాబూ. ఎవరైనా వస్తే దగ్గు, అంతే."

"మీకు భయం లేదేటి మేడం?"

"ఎందుకు లేదు? కాళ్ళు వణుకుతన్నాయి. అందుకే కూర్చుని చేస్తన్నాం."

తాయెత్తు గట్టిదే, నేనే కాను. చీపురు చప్పుడైతే దగ్గేను. గాలికి తలుపు కదిలితే దగ్గేను. దగ్గినప్పుడల్లా లోపల ప్రార్థన ఆగిపోయి పేపర్లు గరగరలాడేవి. చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. చివరికి ఆవిడ, వీడికి నిజంగానే గొంతు బాగోలేదని తీర్మానించేరు. మా అమ్మ పంపిన బెల్లంలో అల్లం దంచి ఉండలు కట్టేరు. అప్పట్నించి నేను దగ్గితే తలుపు సందులోంచి ఉండతో ఒక చెయ్యి వచ్చేది, నేను నా చెయ్యి చాచేవాణ్ణి. ఆవిడ కళ్ళు తెరిచేవారు కాదు, ప్రార్థన ఆపేవారు కాదు.

ఒక గురువారం వరండా చివర ప్రిన్సిపాల్ కనబడ్డారు. దగ్గేను. ఊపిరాడనంత దగ్గేను. ఆయన వచ్చి తలుపు దగ్గర, నా పక్కనే నిలబడ్డారు. లోపల టీచరమ్మ వాళ్ళాయన పేరు చెప్పి వేడుకుంటన్నారు. ఎప్పట్లాగే చెయ్యి బయటికొచ్చింది. ప్రిన్సిపాల్ అరచేతిలో ఉండ పెట్టి, వెళ్ళిపోయింది.

"ఏమిటిది?"

"దగ్గుకి, సార్." ఆ గొంతు నాదేనని ఇప్పటికీ నమ్మకం లేదు.

ఆయన ఉండని చూసేరు. సందులోంచి మూసిన కళ్ళని చూసేరు. ఉండ నోట్లో వేసుకుని వెళ్ళిపోయేరు.

తిట్టినా బాగుండేది. రేపు పిలుస్తారు, ఎల్లుండి పిలుస్తారు అని ఎదురుచూసేం. టీచరమ్మ పెట్టె సర్దే ఉంచేరు.

"గురువారాలు మానేద్దామా మేడం?"

"మానేస్తే భయం తగ్గుద్దేటి? మా ఆయన జబ్బు తగ్గుద్దేటి? నువ్వు దగ్గు."

ఆ పిలుపు రాలేదు. కాంట్రాక్టు అయ్యేదాకా, ఇంక రాదులే అని మేం ధైర్యంగా గడిపిన రోజూ లేదు.

మొన్న సమాధుల తోటలో అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. ఇక్కడ ఎవరికీ భయం లేదు. గోతి పక్కన కుర్చీలో వాళ్ళాయన కూర్చున్నారు, ఎర్ర పెన్ను మూత తీస్తూ, పెడుతూ. నేను అలవాటు కొద్దీ గేటు దగ్గరే ఆగిపోయి రోడ్డు చూస్తున్నాను. చెరుకు ట్రాక్టరు వెళ్ళింది. ఆ దుమ్ముకో, దేనికో, దగ్గొచ్చింది.

నా చెయ్యి దానంతటదే చాచుకుంది.