ఏకాదశినాడు విప్పిన మీటరు తీగ

నా మోటారుసైకిలుకు పెట్రోలు ఎంత ఉందో చూపే ముల్లు లేదు. వేగం చూపే మీటరులోనే, కింద, తిరిగిన కిలోమీటర్ల అంకెలు ఉండేవి. వాటిని బట్టి ట్యాంకులో ఎంత మిగిలిందో అంచనా వేసుకునేవాణ్ణి. అందుకే పొద్దున బండి తీసేముందు ఆ అంకెలు చూడటం సంధ్యావందనం మాదిరి తప్పని పనైపోయింది. భజనలో నా పక్కన కూర్చుని తాళం వేసే మిత్రుడు, "నీ దేవుడు మీటర్లో ఉన్నాడేమప్పా" అని ఎగతాళి చేసేవాడు.

ఆదోనిలో బడిపంతులు పని నాది. సాయంత్రాలు గుడిలో పురాణం చదివేవాణ్ణి. మా నాయన ఏటా కార్తీకంలో ఎమ్మిగనూరు గుడిలో చదివి అర్థం చెప్పేవాడు. ఆయన పోయినాక ఆ పీట మీద ఎవరూ కూర్చోలేదు. ఆ ఏడు నన్ను చదవమని అక్కడి పెద్దాయన కబురు పెట్టినాడు. కార్తీకానికి ముందు ద్వాదశినాడు వచ్చి, ఒప్పుకున్నట్లు తాంబూలం తీసుకుంటానన్నాను. ఈ సంగతి అమ్మకూ ఆ మిత్రునికీ తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఏకాదశినాడు నేను బండి ముట్టను. ఉపవాసం, పారాయణం, రోజంతా గుడిలోనే. ఆ ఏకాదశి పొద్దున ఆ మిత్రుడు వచ్చి, వాళ్లమ్మకు ఆయాసంగా ఉంది, ఊళ్లోనే ఆస్పత్రికి తీసుకుపోవాలన్నాడు. బండి తాళంచెవి ఇచ్చి, ఆమె కోసం స్వామి ముందర రెండు తులసి దళాలు పెట్టినాను.

మరునాడు పారణ చేసుకుని, ఆ తొందరలో అంకెలు చూడకుండానే ఎమ్మిగనూరుకు బయలుదేరినాను. ఊరు దాటినాక చూస్తే మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉంది. ముల్లు వణికితే లోపలి తీగకు గ్రీజు లేదని, ఎగిరెగిరి పడితే తీగ పురులు విడిపోతాన్నాయని నాకు తెలుసు. అసలు కదలకపోతే మూడు చోట్ల చూడాల: మీటరు, తీగ, ముందు చక్రం దగ్గరి చిన్న పళ్లచక్రం. పత్తిచేను పక్కన బండి ఆపి కిందికి వంగినాను.

తీగ తెగలేదు. చక్రం దగ్గర మర విప్పేసి ఉంది. తీగ కొసను వేళ్లతో తిప్పితే ముల్లు అదిరింది. అంటే మీటరూ తీగా బాగున్నాయి. బండిని ముందుకు తోస్తే పళ్లచక్రమూ తిరిగింది. దేనికీ ఏమీ కాలేదు. దుమ్ము పడకుండా తీగ కొసకు గుడ్డపీలిక చుట్టి, పైకి మడిచి, అరటినారతో కట్టినారు. తులసిమాలకు వేసే ముడి అది. మా భజనలో మాలలు కట్టేది అతనొక్కడే.

ఊళ్లో ఆస్పత్రికి పోయి వచ్చేదానికి మీటరు ఎందుకు ఆపినట్లు? అంకెలు పెరగకుండా చేసి యాడికో దూరం పోయినాడని, వచ్చినాక తిరిగి బిగించేది మరిచినాడని తెలిసింది. యాడికో తెలియలేదు. తీగ బిగించుకుని బండెక్కినాను.

ఎమ్మిగనూరులో పెద్దాయన నన్ను చూసి తత్తరపడినాడు.

"గొంతు పోయిందంట గదా సామీ మీకు. ఈ కార్తీకానికి మీ భజనలో తాళం వేసే ఆయప్పను చదవమని మీరే పంపినారంట. నిన్న తాంబూలం కూడా ఇచ్చేస్తిమి."

"నేను పంపలేదు" అన్నాను.

ఆయన వాకిట్లో నిలిపిన నా బండి వైపు చూసినాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మీ బండి మీద వచ్చినాడు సామీ. అందుకే నమ్మినాం."

స్వామి ముందర ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకోరు. అది వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు, ముందుగా పోయి తీసుకున్నవానికి ఇంకా బాగా తెలుసు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, వచ్చే ఏడాది మీరే చదవాల అన్నాడు. అప్పటికి ఎవరుంటారో, ఎవరు పోతారో.

ఆదోనికి తిరిగివచ్చి నేరుగా అతని ఇంటికి పోయినాను. ఆయాసమన్న వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తాంది. అతను లోపలినుంచి వచ్చి, నా ముఖం చూసి, అడగకముందే అన్నాడు:

"మీ నాయన చదివినాడని నీవే చదవాలనేముంది? నాకు మాత్రం భక్తి లేదా?"

"ఉంటే నన్నే అడిగుండొచ్చు గదప్పా."

"అడిగితే ఇచ్చుందువా?"

నేను బండి వెనక్కి తిప్పుకున్నాను. తల్లి కోసమని నా చేత తులసి దళాలు పెట్టించుకుని పోయి, ఎమ్మిగనూరులో స్వామి ముందరే నాకు గొంతు పోయిందని చెప్పిన మనిషి అతను.

కార్తీకమంతా అతను ఎమ్మిగనూరులో చదివినాడు. బాగా చదివినాడని చెప్పుకున్నారు. నేను మా ఇంట్లో దీపం ముందర కూర్చుని అమ్మకు చదివి వినిపించినాను. ఒకనాడు అమ్మ, "ఎందుకురా అంత గట్టిగా చదువుతావు, ఈడ ఉండేది నేనొక్కదాన్నే గదా" అనింది.