గాలిలో ఆగిన రేకు

మా డ్రైవరన్న పోయాడు. మొన్న ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం మబ్బు పట్టిందని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. వాన మొదలయ్యాక లోపలికి రమ్మని పిలిస్తే పలకలేదట. ఒడిలో కెమెరా ఉందట.

"బాబాయ్, నాయిన గురించి పేపర్ల నాలుగు ముక్కలు రాయుండ్రి. కని ఎక్కువ జేసి రాయకుండ్రి" అంది ఆ అమ్మాయి. చూసినంతే రాస్తున్నాను.

డెబ్బైలలో మేమిద్దరం ఒమన్‌లో ఒకే కంపెనీలో పనిచేశాం. నేను పత్రికల్లోకి రాకముందు మాట. అక్కడ నేను స్టోర్ కీపర్‌ని, ఆయన పికప్ డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి. మత్రా రేవులో సరుకు ఎక్కించుకుని సీబ్ సైట్‌కు చేర్చడం ఆయన డ్యూటీ. శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కుని, ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్లు పెట్టుకుని భార్యాబిడ్డల గొంతులు వినే రోజు. ఆయన మాత్రం ఫోర్‌మన్‌ను బతిమాలి పికప్ తీసుకుని, బజారులో కొన్న పాత కెమెరాతో గాలివాన ఎటుంటే అటు పోయేవాడు.

మా రూమ్‌లో ఉండే హైదరాబాదు ఎలక్ట్రీషియన్ ఊరుకునేవాడు కాదు. "క్యా భాయ్, గాలికి గూడ పాస్‌పోర్ట్ జేపిస్తున్నవా? ఫోటోలు తీస్తున్నవ్!"

"వీసా నువ్వు ఇప్పియ్యి. ఫోటో నేను తీస్త" అనేవాడు డ్రైవరన్న, నవ్వకుండా.

కారణం నాకు ఒకసారి చెప్పాడు. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. ఊరి బడి కట్టి రేకులు వేశాడు. ఒక ఎండాకాలం సాయంత్రం సుడిగాలి ఆ కప్పును ఎత్తుకుపోయింది. గోడలు నిలిచాయి, రేకులు పొలాల్లో పడ్డాయి. ఆ సుడిని చూసింది వాళ్ళ నాన్న ఒక్కడే. ఊరు నమ్మలేదు. రేకులను పట్టి ఉంచాల్సిన చోట మేస్త్రీ సిమెంటు తిన్నాడంది. తర్వాత ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు.

"అసొంటి గాలి ఉంటదని చూపెట్టాలె తమ్మీ. రేకు లేస్తుంటే ఫోటో తీసి మా నాయిన చేతుల పెడ్త" అన్నాడు.

మొదటి అవకాశం మత్రా రేవులో వచ్చింది. సముద్రం మీద నల్లమబ్బు నుంచి నీళ్ళ దాకా సన్నటి సుడి దిగింది. హమాలీలు బస్తాలు దించి చూస్తున్నారు. ఎండకు ఫిల్ము పాడవుతుందని స్టూడియో అతను చెప్పాడని, ఈయన ఫిల్ముతో పాటు కెమెరానూ ఐస్ డబ్బాలో పెట్టాడు. బయటికి తీయగానే రేవు ఉక్కకు అద్దమంతా ఆవిరి పట్టింది. లుంగీతో తుడిచాడు, మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాడు. అద్దం తేటపడేసరికి సముద్రం మీద ఏమీ లేదు.

ఆ రోజు అన్నం తినలేదు. మరుసటి శుక్రవారం మళ్ళీ బయల్దేరాడు. అప్పటి నుంచి ఫిల్ము రోలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి మట్టికూజాలో, కెమెరా నూలు తువ్వాలులో సీటు మీద. "రోలు సల్లగ, డబ్బ వెచ్చగ" అని మాకూ చెప్పేవాడు, మాలో ఎవరికీ కెమెరా లేకపోయినా.

ఇంకో మాట కూడా అనేవాడు. "గుట్టల మీద మబ్బు నిలువుగ లేస్తే మనం పోవాలె. అడ్డంగ పరుచుకుంటే బట్టలు లోపలేసుకుంటే చాలు." మబ్బు నిలువుగా లేచినప్పుడల్లా పోయాడు. ఎక్కువసార్లు వాన, దుమ్ము, చిన్న సుడులు. వాటి మీద ఫిల్ము ఖర్చు చేయలేదు. "గిది లుంగీ లేపుతది. రేకు లేపది" అని బండి తిప్పేవాడు.

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం, సీబ్ అవతల. నేనూ ఉన్నాను. కంకర మైదానంలో మా కంపెనీ కొత్తగా కట్టిన సామాన్ల షెడ్డు. సెలవు కాబట్టి లోపల ఎవరూ లేరు. మబ్బు అడుగు నుంచి బూడిదరంగు సుడి దిగి నేలను తాకింది. ఎప్పటిలాగే పికప్ ముక్కు వెనుదారికి తిప్పి, ఇంజన్ ఆపకుండా దిగాడు. ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. సుడి షెడ్డు వైపు మళ్ళింది.

"అన్నా, ఇటే వస్తోంది. పోదాం పద!"

"నువ్వు స్టీరింగు పట్టుకో. రోల్ల ఒక్కటే మిగిలింది."

"ఇన్ని తీశావుగా! ఇంకేం కావాలి?"

"గాలి ఫోటోలు తీసిన. రేకు ఫోటో తియ్యలే."

కెమెరాను కంటికి ఆనించి నిలబడ్డాడు. కంకర వచ్చి బండి అద్దానికి కొట్టింది. షెడ్డు మీద ఒక రేకు అంచు టపటపలాడింది, లేచింది. అప్పుడు నొక్కాడు. ఎక్కి కూర్చున్నాక చూస్తే చెవి దగ్గర రక్తం.

మర్నాడు షెడ్డు కట్టిన మేస్త్రీని ఆఫీసుకు పిలిచారు. నిజామాబాదు మనిషి. పని సరిగా చేయలేదు, ఇంటికి పంపేస్తామన్నారు. ఆ మాట తెలిసి డ్రైవరన్న మత్రా స్టూడియోకు పోయి కూర్చుని ఫోటో కడిగించాడు. ఆరీ ఆరని ఫోటోను ఇంజనీరు బల్ల మీద పెట్టి, "సాబ్, గోడ చూడుండ్రి. గోడ తప్పుందా?" అన్నాడు. ఇంజనీరు చాలాసేపు చూశాడు. మేస్త్రీని పనిలోకి పొమ్మన్నాడు.

రూమ్‌లో ఎలక్ట్రీషియన్ ఫోటో తిప్పి తిప్పి చూసి, "సచ్‌ముచ్ ఎగిరిందా భాయ్?" అన్నాడు.

"ఆ షెడ్డు వైరింగ్ నీదే గదా. పో, మళ్ళ జెయ్యి."

సెలవు మీద వెళ్ళే ఒకతని చేతికిచ్చి ఫోటో ఇంటికి పంపాడు. ఆ మేస్త్రీ సంగతీ చెప్పి రమ్మన్నాడు. కొన్నాళ్ళకు క్యాసెట్ వచ్చింది. రూమ్‌లో అందరం విన్నాం. ముసలాయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, బొమ్మ అందింది. సర్పంచుకు చూపెట్టిన. గది అరబ్బుల దేశం గాలి, మన దిక్కు రాదన్నడు. అననీ. నేను జూసింది గిదే. ఇన్నొద్దులు నేనొక్కన్నే జూసిన, ఇప్పుడు నువ్వు గూడ జూసినవ్. ఆ నిజామాబాదు మేస్త్రీకి పని నిలిచింది గదా, సంతోషం. గోడ మంచిగ కట్టిండు. చెప్పు, నేనన్న అని."

డ్రైవరన్న క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. ఎలక్ట్రీషియన్ లేచి బయటికి వెళ్ళాడు. తర్వాతి శుక్రవారం డ్రైవరన్న ఆ క్యాసెట్ తీసుకుని మేస్త్రీ రూమ్‌కు పోయి వినిపించి వచ్చాడు.

దేశం తిరిగొచ్చాక కూడా ఆయన మానలేదు. "ఈసారి మన ఊరి గుట్ట కనవడాలె. అప్పుడేమంటరో చూస్త" అనేవాడు. నాన్న పోయాక కూడా ప్రతి ఎండాకాలం కెమెరా పట్టుకుని తిరిగాడు. ఆ ఫోటో ఆయనకు దొరకలేదు. వెతకడం ఆపిన సంవత్సరం కూడా లేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు కెమెరాను మళ్ళీ నూలు తువ్వాలులో చుట్టి పెట్టింది. గోడ మీద తాత వాడిన తాపీ ఒక మేకుకు వేలాడుతోంది. పక్కనే సీబ్ ఫోటో, అంచులు పసుపెక్కి. ఒక మూల మా పికప్ అద్దం కనిపిస్తుంది. షెడ్డు గోడలు నిలువుగా ఉన్నాయి. వాటి పైన రేకు ఒకటి, ఇంకా కింద పడలేదు.